హవల్దార్ కాక చెప్పిన ధర

హవల్దార్ కాక ఇక లేడని చెప్పింది ఆయన పెద్దకూతురు. మొన్న ఉదయం తోట ఆఫీసు గది తాళం తీస్తుంటే ఫోన్‌కి వాయిస్ మెసేజ్ వచ్చింది. "అన్నా, బాపు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడు, గట్లనే పోయిండు. నీకు చెప్పుమన్నది అమ్మ." ఆ అమ్మాయి గొంతు తడబడలేదు. నేనే గుమ్మంలో తాళంచెవితో చాలాసేపు నిలబడిపోయాను.

నేను పనిచేసేది సౌదీలో అల్ ఖర్జ్ దగ్గర ఒక పెద్ద తోటలో. ఖర్జూరం చెట్లు, పశువులకు గడ్డి పండించే పొలాలు, ఆ పొలాలకు నీళ్ళు తోడే మోటార్లు. నేనిక్కడ ఆఫీసు గుమాస్తాని. అరబ్బీ వచ్చు కాబట్టి కఫీల్‌కీ, అంటే మా అరబ్బు యజమానికీ, పనివాళ్ళకీ మధ్య దుబాసీని కూడా. కాక మోటార్ మెకానిక్‌గా వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. అంతకుముందు మన సైన్యంలో తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా ఉండి హవల్దార్‌గా రిటైరయ్యాడు. అందుకే మా క్యాంపులో తెలుగువాళ్ళం హవల్దార్ కాక అనేవాళ్ళం. పాకిస్తానీ డ్రైవర్లు కూడా హవల్దార్ సాబ్ అనే పిలిచేవారు. పొరుగు సైన్యం వాడైనా ఆ పిలుపులో వేళాకోళం ఉండేది కాదు.

మా కఫీల్‌కి పాత తుపాకులంటే ప్రాణం. లైసెన్సులన్నీ సక్రమంగా ఉన్న పాతికో ముప్పయ్యో తుపాకులు, అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్ పక్క గదిలో అద్దాల బీరువాల్లో ఉండేవి. కొత్త మెకానిక్ ఒకప్పుడు ఆర్మరర్ అని తెలిశాక బీరువా తాళాలు ఆయన చేతికి వచ్చాయి. వారానికి నాలుగు రోజులు మోటార్లు, రెండు రోజులు బీరువాలు.

ఆయన పని చేస్తుంటే చూడటం నాకు ఇష్టం. ముందు చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టుకునేవాడు. చెమట చెయ్యి తగిలితే ఇనుము వారంలో తుప్పు పడుతుందట. ఏ ఆయుధం చేతికిచ్చినా, ఇచ్చినవాడు ఎవరైనా సరే, మొదట తెరిచి లోపల తూటా లేదని స్వయంగా చూసుకున్నాకే మాట. "ఖాళీ ఉన్నదని చెప్తరు తమ్మీ. చెప్పినోడు మంచోడే ఉంటడు. కానీ తూటాకు ఆ ముచ్చట ఎరుక ఉండదు" అనేవాడు.

కాకని దేవుణ్ణి చేసి చెప్పటం నాకిష్టం లేదు. కూరలో ఉప్పు కాస్త ఎక్కువైతే వంటవాడితో రెండు రోజులు మాట్లాడేవాడు కాదు. ఒకసారి మా గదిలోని నిజామాబాద్ కుర్రాడు రియాద్‌లోని బత్తా బజారులో సెకండ్‌హ్యాండ్ గడియారం కొనుక్కొని వచ్చాడు. వాళ్ళ నాన్నకి పంపుదామని సంబరంగా అందరికీ చూపిస్తున్నాడు. కాక దూరం నుంచే చూసి "నకిలీది" అనేశాడు. కుర్రాడి ముఖం వాడిపోయింది. ఆ గడియారం మళ్ళీ ఎవరికీ చూపించలేదు. తర్వాత కాక చాలా బాధపడ్డాడు. "వాడు నన్ను ధర అడగలే. అడగంది ఎందుకు చెప్పిన?" అన్నాడు. అప్పటినుంచి ఎవరైనా అడిగితే తప్ప వస్తువు మీద నోరు విప్పలేదు. అడిగితే మాత్రం దాచలేదు. ఆ రెండోదాని విలువ ఎంతో నాకు ఒక శుక్రవారం తెలిసింది.

ఆ రోజు సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత కఫీల్ నన్నూ కాకనూ మజ్లిస్‌కి పిలిపించాడు. పక్క తోట యజమాని చనిపోయి అప్పటికి నాలుగైదు నెలలు. ఆయన భార్య తమ్ముడు ఒక చెక్కపెట్టె తెచ్చాడు. అందులో ఒక రివాల్వర్ ఉంది. ప్రతి గుండుకీ బొటనవేలితో వెనక సుత్తిని లాగితే తప్ప పేలని పాతకాలపుది. ఆమె మామగారికి ఎప్పుడో ఒక విదేశీ ఇంజినీరు బహుమతిగా ఇచ్చాడట. భర్త పోయాక ఇంట్లో ఎవరి పేరు మీదా లైసెన్స్ లేదు కాబట్టి అమ్మక తప్పదు. ఆమె బయట కారులో కూర్చుని ఉంది. ఇద్దరు ఆడపిల్లలు ఇంకా చదువుకుంటున్నారు. ఈ సంగతులన్నీ తమ్ముడు ఖహ్వా కాఫీ తాగుతూ చెప్పాడు.

కఫీల్ ఆరు వేల రియాల్‌కి అడిగాడు. తమ్ముడు దాదాపు ఒప్పుకున్నాడు. తుపాకుల గురించి అతనికేమీ తెలియదు. కఫీల్ దగ్గర అదే రకం రివాల్వర్ ఇంకొకటి ఉంది. అద్దంలా మెరిసే వెండిరంగు, తెల్లని దంతపు పిడి. వచ్చిన ప్రతి అతిథికీ చూపించి మురిసిపోయేవాడు. దాని పక్కన పెడితే ఈ పెట్టెలోది బీదరాలిలా ఉంది. గొట్టం అంచుల్లో రంగు పోయింది, కర్రపిడి అరిగి నున్నబడింది.

"మా హవల్దార్‌కి ఇవన్నీ తెలుసు. కావాలంటే అడగండి, ఆరు వేలు సరైన ధర అవునో కాదో" అన్నాడు కఫీల్ నవ్వుతూ. ఆయన మనసులో మోసం ఉందని నేననుకోను. తన ధర మీద తనకి అంత నమ్మకం.

కాక చేతులు కడుక్కొని వచ్చాడు. పక్కనున్న చిన్న మూత తెరిచి, చక్రాన్ని ఒక్కొక్క గదీ తిప్పి ఆరూ ఖాళీ అని చూశాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అంచుల మీద గోరు పెట్టి నడిపాడు. బిగించిన మరల (స్క్రూల) తలలు చూశాడు. మూడుచోట్ల చెక్కిన అంకెలు భూతద్దంతో చదివి నాతో కాగితం మీద రాయించాడు. మూడూ ఒకటే, అంటే ఏ భాగమూ మార్చలేదు. పిడి, ఇనుము కలిసేచోట వేలితో తడిమాడు. చివరికి గొట్టాన్ని గోడ వైపు తిప్పి, సుత్తిని మెల్లగా వెనక్కి లాగుతూ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

తమ్ముడు ఈలోగా, ఇది ఒకప్పుడు ఒక పేరున్న వీరుడి దగ్గర ఉండేదని ఇంట్లో చెప్పుకుంటారని అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. "కథకు ధర కట్ట. కథకు కాగితం ఉంటె కాగితానికి కడత" అన్నాడు కాక. కాగితం లేదు.

తర్వాత నాతో మెల్లగా అన్నాడు. "తమ్మీ, ఇది అరిగింది గానీ ఎవ్వడు చెయ్యి పెట్టలే. అంచులు కోసేటట్టు ఉన్నయి. అక్షరాలు లోతుగ ఉన్నయి. ఒక్క మర గీసుకపోలే. రంగు వాడుకల పోయింది, పాలిష్ల పోలే. పద్దెనిమిది వేలకు తక్కువ ఉండదు. చెప్పు."

మరుసటి నెలలో కాక ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, రెన్యువల్ ఉంది. ఊళ్ళో ఆయన భార్యకి మోకాలి ఆపరేషన్ ఖాయమైంది. ఇవి రెండూ నాకు తెలుసు. అరబ్బీలో నేను చెప్పింది ఇదీ: "బాగానే ఉందట. ఇంకోసారి తీరిగ్గా చూడాలంటున్నాడు."

కాకకి అరబ్బీ మాట్లాడటం రాదు. వినటం మాత్రం మేమనుకున్నదానికంటే చాలా ఎక్కువే వచ్చని ఆ నిమిషంలో తెలిసింది.

"నేను గట్ల అనలే తమ్మీ."

"కాకా, వచ్చే నెల నీ ఇకామా ఉన్నది."

"ఎరుకనే. నేను అన్న మాట చెప్పు." నేనింకా నోరు తెరవకముందే ఆయనే తమ్ముడి వైపు తిరిగి, కూడబలుక్కుని, "తమంతాష్ అల్ఫ్" అన్నాడు. పద్దెనిమిది వేలు.

తమ్ముడు చేతిలోని ఫింజాన్ కప్పు కింద పెట్టాడు. కఫీల్ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. తర్వాత ఆయన అడగకూడనిది అడిగాడు. "ఇదే పద్దెనిమిది అయితే, మరి నాది ఎంత?"

నేను తెలుగులో చెప్పాను. కాక తల వంచుకున్నాడు. "అది రేపు పొద్దుగాల ఆయినకు ఒక్కనికే చెప్త అను. మంది ముంగట వద్దు." అదీ చెప్పాను. కఫీల్ ఒప్పుకోలేదు. ఇక్కడే, ఇప్పుడే చెప్పాలన్నాడు.

కాక తన గొంతు ఎంత తగ్గించగలడో అంత తగ్గించి చెప్పాడు. కఫీల్ దగ్గరున్నది మంచి వస్తువే. కానీ దాన్ని ఎవరో రాపిడి పెట్టి కొత్త పూత వేశారు. అంచులు గుండ్రబడ్డాయి, అక్షరాలు సగం చెరిగాయి, మరల తలల చుట్టూ గుంటలు పడ్డాయి. పిడి తర్వాత వేసింది. పెట్టెలోదానికి వచ్చే ధరలో మూడోవంతు కూడా రాదు. "అరుగుడు తప్పు గాదు. అరిగినట్టు కనవడొద్దని చేస్తరు సూడు, గదే పాడు జేస్తది" అన్నాడు. ఈసారి నేను ఒక్క మాటా తగ్గించకుండా అనువదించాను. నా జీవితంలో అంత కష్టమైన అనువాదం మరొకటి లేదు.

తమ్ముడు పెట్టె మూసుకుని, మర్యాదగా సెలవు తీసుకుని వెళ్ళిపోయాడు. కఫీల్ చెయ్యి చాపాడు. కాక నడుముకి కట్టుకున్న బీరువా తాళాలు విప్పి ఆ చేతిలో పెట్టాడు.

ఆ ఎండాకాలమంతా ఆయనకు మోటార్లే. ఆరు రోజులూ రేకుల షెడ్డులోనే. ఇకామా రెన్యువలైంది కానీ గడువు ముగిసే ముందు రోజు దాకా కాగితం కదలలేదు. ఆ రోజుల్లో నేను ఆయన ముఖం చూడలేకపోయాను. ఒక మధ్యాహ్నం షెడ్డుకి లబన్ మజ్జిగ తీసుకెళ్ళి, "నేను తప్పు చెప్పిన కాకా" అన్నాను. ఆయన గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "నువ్వు నా బువ్వ కోసం చెప్పినవు. నాకు ఎరుక లేదా? కానీ నా మాట నువ్వు మారిస్తే, ఆ తర్వాత నా దగ్గర ఏముంటది రా?" అన్నాడు. కోపంగా అనలేదు. సగం లబన్ నాకే పోసిచ్చాడు.

ఆ రివాల్వర్ రియాద్‌లో లైసెన్స్ ఉన్న దుకాణం ద్వారా వేరొకరికి అమ్ముడుపోయింది. పదిహేడు వేలు వచ్చిందని తమ్ముడు నాకు ఫోన్ చేసి చెప్పాడు. ఆ మాట చెప్తే కాక సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మాత్రం నొచ్చుకున్నాడు. "వెయ్యి తప్పిన. లోపల గొట్టంల కొంచెం గరుకున్నది. దానికి తగ్గియ్యక పోతి" అని సాయంత్రం దాకా గొణుక్కున్నాడు.

కఫీల్ కూడా రియాద్ నుంచి తుపాకుల సంగతి తెలిసిన మనిషిని పిలిపించి తన వెండిరంగు రివాల్వర్ చూపించాడు. ఆయనా అదే మాట చెప్పాడట. ఆ తర్వాత ఒక రోజు కఫీల్ స్వయంగా మోటార్ షెడ్డుకి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ అక్కడ అడుగు పెట్టలేదు. "మోటార్ బాగుందా?" అన్నాడు. బాగుందని కాక తల ఊపాడు. కఫీల్ తాళాల గుత్తి పనిముట్ల బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. "గంతే అన్నడు" అని కాక రాత్రి అన్నం దగ్గర నవ్వాడు. "ఆయినకు అంతకంటె ఎక్కువ చేతగాదు. నాకు అంతకంటె ఎక్కువ అక్కెర లేదు."

తర్వాత ఆయన ఉన్న నాలుగేళ్ళలో, కాక కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూడనిదే కఫీల్ ఏదీ కొనలేదు. రెండేళ్ళ క్రితం ఉద్యోగం వదిలి, ఫైనల్ ఎగ్జిట్ మీద కాక ఇంటికి వెళ్ళిపోయాడు.

మొన్న ఈ కబురు చెప్పటానికి కఫీల్ దగ్గరికి వెళ్ళాను. విని ఆయన, "నా దగ్గర ఇంతమంది పనిచేశారు. నాకు భయం వేసింది ఆయన ఒక్కడి దగ్గరే" అన్నాడు. ఆ మాట ఉన్నదున్నట్టు కాక భార్యకి ఫోన్‌లో చెప్పాను. "నాకు గూడ భయమే ఉండె బిడ్డా" అని ఆమె ఏడుస్తూనే నవ్వింది.

నేను కాకని చివరిసారి చూసింది పోయిన నెల, వీడియో కాల్‌లో. రెండు మాటలైనా కాకముందే ఎవరో ఒకామె పాత కుట్టుమిషన్ అమ్ముతానని, ఎంత అడగాలో చెప్పమని ఆటోలో తెచ్చింది. "ఒక్క నిమిషం తమ్మీ" అని ఫోన్‌ని మంచినీళ్ళ చెంబుకి ఆనించి లేచాడు. ఆ తర్వాత నన్ను మరిచేపోయాడు. నేను కాల్ కట్ చేయలేదు. కడుక్కొని వచ్చి, ఇంకా తడి ఆరుతున్న చేతులతో ఆయన మిషన్ ముందు కూర్చున్నాడు. చక్రం మీద అరచెయ్యి వేసి మెల్లగా తిప్పుతూ, చెవిని దగ్గరకు వంచి, కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఆమె కొంగు రెండు చేతులా పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ఎండ వాకిట్లోంచి మెట్టు మీదికి జరిగింది. ఆయన ఇంకా వింటూనే ఉన్నాడు.