కొకూచో కోడలు చేసిన బాన

మా రుఫీనా వదిన పుట్టింది గిటార్లు చేసే పారాచో ఊళ్లో. వాళ్ల నాన్న చెక్కను వేలితో కొట్టి, చెవి ఒగ్గి విని, అది పాడుతుందో లేదో చెప్పేవాడు. అలాంటి ఇంటి పిల్లను మా అన్న అబుందియో ఏదో పండగలో చూసి, మనసు పారేసుకుని, పెళ్లాడి మా కొకూచోకు తీసుకొచ్చాడు. ఆడపిల్లలు మట్టి పిసుకుతూ నడక నేర్చే ఊరు మాది. అలాంటి ఊరికి మట్టి తడి ఎరగని కోడలు వచ్చింది.

మా అమ్మ దొమితీలా అంటే ఊళ్లో అందరికీ భయమూ భక్తీ. మనిషెత్తు బానలు చేయడంలో ఆమెను మించినవాళ్లు లేరు. మా దగ్గర కుమ్మరిసారె ఉండదు. మట్టిని తాళ్లలా పేని, చుట్ట మీద చుట్ట పెట్టుకుంటూ, బాన చుట్టూ మనిషే తిరగాలి. వదిన ఆ పనిలో చేయి పెట్టబోయినప్పుడల్లా అమ్మది ఒకటే మాట.

"నీది వడ్రంగి చెయ్యే. పోయి రొట్టెలు కాల్చుకో."

వదిన రొట్టెలు కాల్చింది. అమ్మ కునుకు తీసే వేళ పెరట్లో చిన్న చిన్న బానలు కూడా చేసింది. మొదట్లో చేసినవన్నీ మంటలో పగిలిపోయాయి. కోళ్లకు నీళ్లు పెట్టుకోవడానికి ఈ పెంకులు భలే ఉన్నాయని పొరుగింటి ఎర్కులానా వీధంతా వినిపించేలా అనేది. వదిన తనూ నవ్వేసి, మర్నాడు మళ్లీ మట్టి తొక్కేది. ఆరిన బానను కాల్చేముందు వేలి కణుపుతో చుట్టూ తట్టి వినేది. ఎక్కడైనా మొద్దుగా పలికితే అక్కడ తడి ఉన్నట్టే. ఇంకొన్నాళ్లు ఎండకు వదిలేసేది. పోనుపోను పగిలేవి తగ్గాయి. ఆ సంగతి నాకు తెలుసు. అమ్మకూ తెలుసు, తెలియనట్టు ఉండేది.

ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ఉరువాపాన్‌లో పెద్ద సంత జరుగుతుంది. చుట్టుపక్కల కొండ ఊళ్లన్నీ పోటీలో తమ పనితనం చూపించుకోవడానికి అక్కడికి దిగుతాయి. ముందురోజు ఊరేగింపు. ఏ ఊరి బాజాలు ఆ ఊరివే. మా ఊరివాళ్లం ఏటా అమ్మ చేసిన బాన వెనకే నడిచేవాళ్లం. ఆ ఏడు అమ్మ వేళ్ల కీళ్లు వాచిపోయి, గ్లాసు పట్టుకోవడమే గగనమైంది. ఊరిపెద్దలు మా వాకిట్లో కూర్చుని, ఈసారికి చిన్నవాటితో సరిపెడదామని గొణుక్కున్నారు. వాళ్లకు మొక్కజొన్న జావ పోస్తున్న వదిన, తను చేస్తానంది. పెద్దలు అమ్మ వైపు చూశారు. అమ్మే మాట్లాడింది.

"పగిలిందంటే పోయేది నీ పేరు కాదు, నా పేరు."

"అందుకేగా అత్తమ్మా, పగలనివ్వను."

పండగకు ముందరి ఆ ఉపవాస దినాలన్నీ వదిన బాన చుట్టూ తిరుగుతూనే ఉంది. బాన ఆమె నడుము దాటింది, భుజం దాటింది, తర్వాత బల్ల ఎక్కి తిరిగింది. అమ్మ పంచలో గోడవైపు తిరిగి కూర్చునేది, అటు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నట్టు. ఒక రోజు మాత్రం గోడతోనే చెబుతున్నట్టు అంది: "మెడకి తొందరపడితే నడుము కుంగుద్ది." వదిన చేతులు కడుక్కుని, కింది చుట్టలు ఆరాలని ఆ పూటకు పని ఆపేసింది.

కాల్చే రోజు వచ్చింది. మాకు బట్టీలు లేవు. బయలులో బానను నిలబెట్టి, చుట్టూ కట్టెలు పేర్చి అంటించడమే. మగవాళ్లు బానను మోసుకొచ్చి దింపారు. వదిన నిప్పు పెట్టింది. మంట బాన భుజాల దాకా లేచేసరికి కొండమీంచి గాలి విరుచుకుపడింది. మంటంతా ఒక పక్కకు వాలిపోయింది. ఒక వైపు ఎర్రగా కాలి, రెండో వైపు చల్లబడితే బాన నిలువునా చీలుతుంది. మా అన్న కర్ర పట్టుకుని దిక్కుతోచక నిలబడ్డాడు. వదిన ఒంటిమీది శాలువా తీసి గాలికి అడ్డంగా పట్టింది. అదెంత, ఆ గాలెంత!

అప్పుడు వినిపించింది అమ్మ గొంతు. "చూస్తారేంట్రా? పందులపాక రేకులు పీకండి!"

కాల్చే చోటికి రానని పంచలోనే ఉండిపోయిన మనిషి వచ్చింది. వాచిన చేతులతోనే ముందు రేకు తనే లాగింది. పందిపిల్లలు వీధిన పడి పరుగెత్తాయి. వాటి అరుపులకు బయటికొచ్చిన ఎర్కులానా సంగతి చూసి, తన కోళ్లగూటి తలుపు ఊడబీకి తెచ్చింది. ఆ వెనక వీధిలోని ఆడవాళ్లంతా రేకులు, చాపలు, తడిపిన కంబళ్లు పట్టుకుని వచ్చి గాలికి ఎదురుగా గోడ కట్టారు. ముఖాలు మాడుతున్నాయి, రేకులు చేతులు కోస్తున్నాయి. ఒక్కరూ కదల్లేదు. మంట మెల్లగా నిటారుగా లేచి, బానను అన్నివైపులా చుట్టుకుంది.

నిప్పులు తీసేసరికి బాన తేనెరంగులో నిలబడి ఉంది. అది వేడివేడిగా ఉండగానే వదిన దానిమీద మొక్కజొన్న కడుగునీళ్లు చల్లింది. నల్లటి మచ్చలు మబ్బుల్లా పరుచుకున్నాయి. చల్లారాక కణుపుతో తట్టింది. అమ్మ దగ్గరకొచ్చి, తనూ తట్టి, చెవి ఆనించి చాలాసేపు వింది.

"మోగుతోందే," అంది. అంతే. వదిన అక్కడే కూలబడి ఏడ్చేసింది.

ఊరేగింపులో మా వాళ్లు బానను పల్లకిలా మోశారు. దారిపొడవునా జనం పక్కకు తప్పుకుని, తలలెత్తి చూశారు. సంత జరిగే చౌకులో మైకు పట్టుకున్నాయన అమ్మను గుర్తుపట్టి, ఈ ఏడు కూడా మీదేనా నానా అని అడిగాడు. మా వైపు పెద్దవయసు ఆడవాళ్లను అలాగే పిలుస్తారు. అమ్మ మైకు లాక్కుంది.

"నాది కాదు. మా కోడలు రుఫీనాది. పుట్టింది పారాచోలో. ఇప్పుడు వాళ్లొచ్చి అడిగినా ఇచ్చేది లేదు."

చౌకంతా గొల్లున నవ్వింది. బాజాలు అందుకున్నాయి. పెద్ద మట్టిపనిలో మొదటి బహుమతి వదినకే వచ్చింది. బహుమతిగా ఇచ్చిన రిబ్బను అమ్మ ఎవరి చేతికీ ఇవ్వక, తన చేత్తోనే, వంకరపోయిన వేళ్లతో ఎంతోసేపు తంటాలుపడి, వదిన శాలువాకు గుచ్చింది. తర్వాత కోడలి నడుం పట్టుకుని నాట్యానికి లాగింది.

పండగ అయిన వారానికి ఎర్కులానా తన ఇద్దరు కూతుళ్లను తీసుకొచ్చి, బాన పని నేర్పమంది, అమ్మను కాదు, వదినను. ఇప్పుడు మా పెరట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. వదిన ముందు తిరుగుతుంటే, పిల్లలు ఎవరి బాన చుట్టూ వాళ్లు తిరుగుతుంటారు. అమ్మ గోడవైపు కాక వాళ్లవైపే కుర్చీ వేసుకుని, వరసపెట్టి అందరినీ తిడుతూ కూర్చుంటుంది.