వాహన్, బాహన్

భవానీపూర్‌లో ప్రోగ్రామర్‌గా పనిచేసే గోవిందరాజు 2004లో ఒక చారిత్రక నిర్ణయం తీసుకున్నాడు. ఇకపై కోడ్‌లో ఏ ఫంక్షన్‌నూ, అంటే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కను, నేరుగా పిలవడు. దాని పేరు ఒక ఫైల్లో రాసిపెడతాడు. ప్రోగ్రామే నడిచేటప్పుడు వెతికి పిలుచుకుంటుంది. దీన్ని రిఫ్లెక్షన్ అంటారని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, టీకొట్టువాడికి కూడా బోధించాడు. ఏ గేటు ప్రోగ్రాంలోనో కొత్తరకం వాహనం వస్తే పాత కోడ్ ముట్టుకోనక్కర్లేదు, నిజమే. పేరు తప్పు రాస్తే, కోడ్ నడవకముందే తప్పులు పట్టే కంపైలర్ దాన్ని పట్టుకోదు; అదీ నిజమే గాని, ఆ మాట దగ్గర అతనికి దగ్గు వచ్చేది.

ఏక్‌బాల్‌పూర్‌లో ఒక చేపల గోదాము గేటుకు అతను రాసిన ప్రోగ్రాం మొదటిరోజే మొరాయించింది. ఫైల్లో అతను 'వాహన్' అని రాశాడు. ఫంక్షన్ రాసిన తోటి ప్రోగ్రామర్ సుకాంత, 'వ'ను 'బ' అని పలికే బెంగాలీవాడు కనక దానికి 'బాహన్' అని పేరు పెట్టాడు. గేటు తెరుచుకోలేదు. ఎండలో నిలబడ్డ లారీ కింద ఐసు నీళ్లు మడుగు కట్టాయి.

"ఏటి బాబూ ఇది, సేపలు కుళ్లిపోతన్నాయి," అన్నాడు డ్రైవరు అప్పలసూరి.

"మా సిస్టమ్ చాలా ఫ్లెక్సిబుల్. ఎటు కావాలంటే అటు వంగుతుంది," అన్నాడు గోవిందరాజు.

"అయితే గేటు కూసింత వంచు."

"నేరుగా పిలిచి ఉంటే కంపైలర్ నిన్ననే చెప్పేది, దాదా," అన్నాడు సుకాంత.

అక్షరం దిద్దేసరికి సగం సరుకు మురిక్కాలవ పాలైంది. ఇది జరిగి ఆరేళ్లు. ఆ గేటుకు ఇంతవరకు లారీ తప్ప మరో వాహనం రాలేదు.