మోతీ బొచ్చు, నా పర్మినెంటు

ఒక కుక్కను చల్లబరచబోయి నా ఉద్యోగానికి నేనే నిప్పు పెట్టుకున్న సంగతి చెబుతాను. నవ్వండి, అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీదో కాదు, ఇరవై రెండేళ్ల నా మీదే.

డెబ్బైల మాట. మాది కర్దనూర్, వ్యవసాయ కుటుంబం. పటాన్‌చెరులో కొత్తగా లేచిన ఒక ఫ్యాక్టరీలో నేను టెంపరరీగా చేరాను. మా సూపర్‌వైజర్ ఉత్తరాది మనిషి. మే నెలలో పదిహేను రోజులు ఊరెళుతూ తన కుక్క మోతీని నాకు అప్పగించాడు. దాని ఒళ్లంతా జానెడు బొచ్చు. భద్రంగా చూసుకుంటే, రాగానే నా పర్మినెంట్ కాయితం మీద సంతకం పెడతానన్నాడు.

వచ్చిన రోజే మోతీ నాలుక బయటపెట్టి రొప్పింది. బుద్ధి ఉన్నవాడైతే నీడలో కట్టి గిన్నెడు నీళ్లు పెడతాడు. నాకది లేదు. మర్నాడు పొద్దున్నే, ఊళ్లో గొర్రెలకు ఉన్ని కత్తిరించే మల్లయ్య మామ దగ్గరికి దాన్ని లాక్కెళ్లాను.

"కుక్కకెందుకు పటేలా? ఉండనియ్యి" అని ఆయన రెండుసార్లు అన్నాడు. మోటారు వేడెక్కితే పైమూత తీస్తారని, ఇదీ అంతేనని ఆయనకే పాఠం చెప్పాను. తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అరగంటలో మోతీ సగమైంది. పొలానికి బయల్దేరుతున్న మా అమ్మ ఎవరిదో మేకపిల్ల వచ్చిందనుకుని కర్ర తీసింది. గాలి బాగా తగలాలని నేను దాన్ని వాకిట్లో కట్టేసి డ్యూటీకి పోయాను. తిరిగొచ్చేసరికి దాని వీపంతా ఎర్రగా కమిలింది. అమ్మ దాన్ని కొట్టంలో తడి గోనెసంచి మీద పడుకోబెట్టి నీళ్లు తాగిస్తోంది. అది లేవలేకపోతోంది. అమ్మ నన్ను తిట్టిన తిట్లు అచ్చులో పెట్టలేను.

ఆ కోపం మల్లయ్య మామ మీద చూపిద్దామని పరుగెత్తాను. తల మీద గొంగడి వేసుకుని గొర్రెలను తోలుకొస్తున్నాడు. గట్టిగా ఎందుకు చెప్పలేదని ఎగిరాను.

"ఎండకని నేను గొంగడి కప్పుకుంట. నువ్వు నెత్తికి రుమాలు సుట్టుకుంటవు. దాని గొంగడి దానికుంటే గొరిగిస్తివి. కంపెనీల పని జేస్తున్నవు, నాకంటె ఎక్కువ తెలుసేమో అనుకున్న."

నా చెయ్యి తల మీదికి పోయింది. రుమాలు అక్కడే ఉంది.

తర్వాత పగలంతా నీడ, గంటగంటకూ నీళ్లు, చీకటి పడ్డాకే షికారు. అమ్మ పుణ్యాన మోతీ బతికింది. సూపర్‌వైజర్ వచ్చి దాన్ని చాలాసేపు చూశాడు. తన కుక్క ఎక్కడని అడిగాడు. మోతీ తోక ఊపుతూ మీదికి ఎగబడ్డాక తెలిసింది. మర్నాడు ఫ్యాక్టరీలో నా కాయితం సొరుగులో పెట్టి తాళం వేశాడు. "దీని బొచ్చు మొత్తం పెరగనీ, అప్పుడు సంతకం" అన్నాడు.

దసరాకు ఆ సంతకం పడేదాకా ప్రతి సోమవారం ఆయన ఇంటికెళ్లి మోతీ వీపు తడిమి చూసుకుంటూ బతికాను.

ఎండాకాలంలో నా జుట్టు కూడా కత్తిరించుకోనని ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడు నాది నున్నటి బట్టతల. ఆ ఒట్టు తప్పే భయం లేదు గానీ, ఎండలోకి పోవాలంటే రుమాలు తప్పదు.