బస్సు హారన్‌తో అయిపోయే కథ

రెండో షిఫ్టు వారాల్లో నేను ఇల్లు చేరేసరికి మా ఐదేళ్ల సహస్ర నిద్రపోయి ఉంటుంది. అందుకే మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లేటప్పుడు కంపెనీ బస్సు కోసం పటాన్‌చెరు రోడ్డు మీద నిలబడి, ఒక కథ చదివి, ఫోన్‌లో రికార్డు చేసి మా ఆవిడకు పంపుతుంటాను. పాప అది వింటూ పడుకుంటుంది.

ఈ రోజు ప్లాంటులో కరెంటు పోయి మమ్మల్ని సాయంత్రమే పంపేశారు. సంబరంగా పాపను పక్కన కూర్చోబెట్టుకుని, తప్పిపోయిన మేకపిల్ల కథ చివరిదాకా చదివి పుస్తకం మూశాను.

"ఇంక అయిపోలే నాన్నా," అంది.

"అయిపోయింది బిడ్డా. మేకపిల్ల ఇంటికొచ్చింది గదా."

"బస్సు హారన్ కొట్టలే. నువ్వు 'ఇగ పోతున్న' అనలే. గప్పుడు గదా అయిపోయేది."

నిజమే. నేను పంపే ప్రతి కథా, సగంలో ఉన్నా సరే, ఆ హారన్‌తో, ఆ మాటతోనే ఆగుతుంది.

వంటింట్లోంచి మా ఆవిడ, "అనుండ్రి, లేకుంటె పండుకోదు," అంది.

మంచం మీద కూర్చునే "ఇగ పోతున్న బిడ్డా" అన్నాను. వెంటనే అటు తిరిగి పడుకుంది.

ఇంట్లో ఉన్న రోజు కూడా వెళ్లిపోతున్నానని చెబితే గానీ నా బిడ్డకు నిద్ర పట్టడం లేదు. మీ పిల్లలకు కథ ఎక్కడ అయిపోతుందో మీరూ అడిగి చూడండి, వినే ధైర్యం ఉంటే.