పచ్చబల్ల మీద టేకురంగు

మా పక్క పోర్షన్లో ఉండే టీచరుగారు, ఎవరు "కుదరదు" అన్నా "చూద్దామండి" అనేవారు. భర్త పోయాక అత్తవారు టేకు సామానంతా ఉంచేసుకుని, పచ్చరంగు వేసిన పాత బల్లొక్కటి ఆవిడ వాటాగా రాజమండ్రి పంపించారు. దానికి టేకురంగు వేయమని ఆవిడ పెయింటరును పిలిచారు.

"పెయింటు మీద టేకురంగు స్టెయిను పట్టదండి, పాత రంగు మొత్తం గీకాలి, కుదరదు" అని అతను వెళ్లిపోయాడు.

ఆవిడే కూర్చుని, గరుకు కాగితంతో నునుపు పోయేదాకా రుద్ది, స్టెయిను పాతగుడ్డతో పులిమారు. మొదటిసారి జిగటగా ఊడొచ్చింది. తుడిచేసి పల్చగా మళ్లీ వేశారు. మూడోసారికి పచ్చరంగు కనబడకుండా పోయింది గానీ, గుడ్డ చారలు మిగిలాయి.

ఆ బల్లను వీధి అరుగు మీద వేసి ట్యూషను మొదలుపెట్టారు.

"చారలు కనిపిస్తున్నాయండి" అన్నాను.

"కనిపించనివ్వండి. నేనే వేశానని తెలియాలి కదా" అన్నారు.