రోకలిబండకు నా ఇంటిపేరు

నిన్న మా మనవరాలు ఫోనులో ఏదో వెతుకుతూ, తాతయ్యా, మన ఇంటిపేరుతో ఒక పురుగుందట అని నవ్వింది. డిగ్రీలో జువాలజీ చదివే పిల్ల, వాళ్ళ నానమ్మ చదువే అబ్బింది. ఉందమ్మా అన్నాను.

మా ఆవిడ నరసరావుపేటలో జువాలజీ లెక్చరరు. తొంభైల చివర్లో, తొలకరి పడిందంటే చాలు, ఆదివారం చర్చి నుంచి అటే నా స్కూటరు మీద పిడుగురాళ్ల వైపు బయల్దేరదీసేది. సున్నపురాయి నేలంటే రోకలిబండ పురుగులకు ఇష్టమనేది. పత్తి చేల పక్కన ఒక దిబ్బ మీద ఆవిడ రాళ్ళు తిరగేస్తుంటే, ముట్టుకుంటే చుట్టుకుపోయే ఆ పురుగంటే నాకు జంకు గనక, దూరంగా గొడుగు పట్టుకుని నిలబడేవాణ్ణి. మగదాని ఏడో కణుపు దగ్గరి కాళ్ళ ఆకారాన్ని బట్టి జాతి తేలుతుందట. ఒకనాడు వాటిని భూతద్దంలో చూసి, ఇది ఏ పుస్తకంలోనూ లేదండీ అన్నప్పటి ఆవిడ ముఖం నాకింకా గుర్తే.

దాన్ని స్పిరిట్ సీసాలో పెట్టి కలకత్తాలోని ఒక నిపుణుడికి పంపింది. చేతిరాత బాగుంటుందని, ఎక్కడ దొరికిందో ఎవరు పట్టారో తెలిపే చీటీ నాచేత రాయించింది. మనం ఇంటిపేరును పొడి అక్షరం చేసి అసలు పేరు పూర్తిగా రాస్తాం. ఇంగ్లీషువాళ్ళ పద్ధతి కదా అని నేను తిరగేశాను. పెళ్ళితో ఆవిడకు వచ్చిన నా ఇంటిపేరు నిండుగా, ఆవిడ పేరుకు ఒక్క అక్షరం. పట్టినవాళ్ళ గౌరవార్థం ఆయన ఆ ఇంటిపేరే పెట్టాడు, అదీ లాటిన్‌లో మగవాళ్ళ పేర్లకు తగిలించే తోకతో. ఒకసారి అచ్చయ్యాక అలాంటి తప్పును దిద్దడానికి వీల్లేదట.

చర్చి దగ్గర అందరూ నాకే షేక్‌హ్యాండ్ ఇచ్చి మెచ్చుకున్నారు. "ఏం బావా, గొడుగు పట్టినందుకే ఇంత పేరా?" అని మా ఆవిడ అన్నయ్య ఎగతాళి చేశాడు.

"పోనీలే అన్నయ్యా, ఎవరు పట్టుకున్నారో పురుగుకు తెలుసు," అంది మా ఆవిడ.

నవ్వుతూనే అంది గానీ, ఆ తర్వాత పిడుగురాళ్ల వెళదామని ఎప్పుడూ అడగలేదు. ఎందుకని నేనూ అడగలేదు. అడిగితే, ఆ పేరు చూసుకుని నేను లోలోపల సంతోషపడ్డ సంగతి బయటపడుతుందని భయం.

ఇప్పుడు మా కోడలు పుట్టింటి పేరే రాసుకుంటుంది, ఇంట్లో ఎవరికీ అది వింత కాదు. ఆ దిబ్బను క్వారీ ఎప్పుడో తినేసింది. మందులు కొట్టీ కొట్టీ, పత్తి చేలల్లో రాయి తిరగేసినా కదిలేదేమీ లేదు. ఆవిడా లేదు. మిగిలింది ఆ పేరొక్కటే, అదీ నాది.