అక్క లేని చోట చెప్పిన మాట

మొన్న ఆదివారం, ముప్పై ఏళ్లుగా గొంతులో దాచుకున్న క్షమాపణను మా అక్కకు చెప్పుకున్నాను. అంతా చెప్పాక తెలిసింది, ఆమె అక్కడ లేదని.

అక్క మనవరాలు కంప్యూటరు లోపల సభామందిరాలు కట్టే ఉద్యోగం చేస్తుంది. జనం పెరిగితే మందిరం తట్టుకుంటుందో లేదో చూడాలని బంధువులందరినీ అందులోకి పిలిచింది. మార్కాపురంలో నేనూ, ముండ్లమూరులో అక్కా, ఎవరింట్లో వాళ్లం కూర్చునే బొమ్మలమై అందులో తిరిగాము. అక్క బొమ్మ నా ఎదుటికొచ్చి ఆగింది. మాట్లాడాను. కదల్లేదు, పలకలేదు.

మనవరాలికి ఫోను చేశాను. "అందరి మాటలూ అందరికీ పంపితే సర్వరు కూలబడుతుంది తాతా. గుంపు పెరిగేకొద్దీ దగ్గరుండేవాళ్లకే పంపుతాము. అవ్వ అప్పటికే మందిరంలో అవతలి మూలకు పోయింది. నువ్వు చూసింది, నీ దాకా అందిన ఆఖరి బొమ్మ" అంది. ఈ పద్ధతి నేనెరుగుదును.

నేను విలేకరిగా కుదురుకున్న రోజుల్లో మా పత్రికా ఇదే చేసేది. జిల్లా వార్తలన్నీ అందరికీ వేస్తే కాగితం చాలదు గనుక, మార్కాపురం వార్తలు ఈ వైపు పేజీలో, దర్శి వార్తలు ఆ వైపు పేజీలో వచ్చేవి. నాయన పోయిననాడు, అక్కకు కబురు చెప్పి రావడానికి చిన్నాయన చెప్పులు తొడుక్కుంటుంటే, పేపరుంది గదా, తెల్లారేసరికి వాళ్లూరి టీ అంగట్లో ఉంటుందని ఆపినవాణ్ణి నేనే. వార్త రాసి, ఫొటో జతచేసి, కవరు బస్సులో పత్రికాఫీసుకు పంపాను. మరునాడు మా పేజీలో చక్కగా వచ్చింది. ముండ్లమూరుకు వెళ్లింది దర్శి పేజీ; అది నాకు ముందు తట్టలేదు. మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, అక్క రాకుండానే నాయనను సాగనంపాము.

ఎవరో బస్సులో చెబితే విని, మూడో రోజు వచ్చింది. వాకిలి దాటలేదు. "ఊరోళ్లందరికీ పేపర్లో ఏసినావంట గదరా! నాయన మొగం నాకొక్కదానికే లేకుండా చేసినావు. ఒక మనిషిని పంపేదానికి ఏందిరా నీకు అంత బరువు?" అంది. తప్పయిందని నేననలేదు. పేజీలు ఎట్లా విడదీస్తారో వివరించాను. ఆ తర్వాత పెళ్లిళ్లలో ఎదురుపడినా, మా ఆవిడతో మాట్లాడి వెళ్లిపోయేది.

కబురు మోసుకొచ్చిన మనిషికి చెంబెడు నీళ్లిచ్చి, అతని ముఖం చూసే సగం సంగతి గ్రహించిన తరం మనది. ఇప్పుడు ఏ మాట ఎవరికి చేరాలో యంత్రం తేలుస్తోంది. నా మాటలు ఎక్కడైనా భద్రంగా ఉన్నాయా అని మనవరాలిని అడిగాను. అందుకునేవాళ్లు లేని మాటను దాచరట.

మార్కాపురం నుంచి ముండ్లమూరు పూట ప్రయాణం కూడా కాదు. ఇది రాసేనాటికి నేనింకా బయలుదేరలేదు.